వీపున మోసిన ప్రాణరక్ష: గ్లెబ్ కొతెల్నికోవ్

పక్షివలె ఆకాశమున విహరింపవలెనను కోరిక మానవునకు అనాదినుండియు కలదు. ఆ కోరికను తీర్చుకొను ప్రయత్నమున ఎందఱో సాహసికులు తమ ప్రాణములను కోల్పోయిరి. ఎగిరినవారి కథలు లోకమునకు బాగుగ తెలియును. కాని, ఎగిరినవానికి ఆపద సంభవించినపుడు అతడు ప్రాణములతో నేలకు దిగుట ఎట్లు అని ఆలోచించినవారి కథలు అంతగా ప్రచారములోనికి రాలేదు. అట్టివారిలో గ్లెబ్ యెవ్గేనియెవిచ్ కొతెల్నికోవ్ ముఖ్యుడు. అతడు వైమానికుడు కాడు. శాస్త్రజ్ఞుడుగా పేరు గాంచినవాడును కాడు. రంగస్థలమున వేషములు వేసి జీవించిన నటుడు. అయినను, నేడు గ్లైడరు నడుపువారు వీపున ధరించు పారాషూటు వంటి సాధనమును మొట్టమొదట రూపొందించిన ఘనత అతనికి దక్కినది.

కొతెల్నికోవ్ 1872వ సంవత్సరము జనవరి 30వ తేదీన, రష్యాకు ఆనాటి రాజధానియగు సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమున జన్మించెను. అతని తండ్రి యంత్రశాస్త్రమును, ఉన్నత గణితమును బోధించు ఆచార్యుడు. బాలుడగు గ్లెబ్ వయొలిన్ వాయించుట నేర్చెను, పాటలు పాడుచుండెను, నాటకములన్న చెవి కోసికొనెడివాడు. అంతియేగాక చేతిపనులయందును అతనికి మిక్కిలి మక్కువ. పనిముట్లు చేతబట్టి బొమ్మలును, యంత్రముల నమూనాలును చేయుచు ప్రొద్దుపుచ్చెడివాడు. కళయందలి ప్రీతియు, చేతిపనియందలి నేర్పును అతనిని తుదివరకు విడువలేదు.

1894లో కీవ్ నగరమందలి సైనిక పాఠశాలలో చదువు ముగించి, అతడు ఫిరంగిదళమున అధికారిగా చేరెను. విధిగా పనిచేయవలసిన మూడు సంవత్సరములు పూర్తి కాగానే ఆ కొలువును విడిచిపెట్టెను. పిదప ఆబ్కారీ శాఖలో ఉద్యోగియై రాజధానికి దూరమున గల పట్టణములలో నివసించెను. పగలు లెక్కలు వ్రాయుట, తీరిక దొరికినపుడు నాటకసమాజములను నడుపుట, ఇదియే అతని జీవితమయ్యెను. తుదకు 1910వ సంవత్సరమున ఉద్యోగమును వదలి సెంట్ పీటర్స్‌బర్గునకు తిరిగివచ్చి, ప్రజాభవనమందలి నాటకసంఘమున నటుడుగా చేరెను. అప్పటికి అతని వయస్సు 38 సంవత్సరములు. ఆ వయస్సున ఒక నటుడు యంత్రనిర్మాతగా మారునని ఎవరును ఊహించి యుండరు.

ఆ కాలమున విమానము పసిబిడ్డవంటిది. అమెరికాలో రైట్ సోదరులు మొదటిసారి యంత్రవిమానమున ఎగిరి ఏడు సంవత్సరములు మాత్రమే గడచినవి. కఱ్ఱబద్దలు, గుడ్డ, ఇనుపతీగెలు, ఒక చిన్న ఇంజను, ఇవియే నాటి విమానము. వైమానికుడు కూర్చుండు చోటునకు గోడయు లేదు, కప్పును లేదు. ఒక్క తీగె తెగినచో యంత్రమంతయు ముక్కలగుటకు అవకాశము కలదు. అట్టి యంత్రములపై ఎగురువారిని చూచుటకు ప్రజలు వేలకొలది గుమిగూడుచుండిరి.

1910లోనే సెంట్ పీటర్స్‌బర్గు నగర సమీపమున అఖిల రష్యా వైమానికోత్సవము జరిగెను. చూడవచ్చినవారిలో కొతెల్నికోవును ఉండెను. ఆ ఉత్సవమున లెవ్ మత్సియెవిచ్ అను వైమానికుడు ఎల్లరి మన్ననలను పొందెను. అతడు నౌకాదళమున ఇంజనీరు. ఓడల నిర్మాణమున ఆరితేరినవాడు. వయస్సు 33 సంవత్సరములు. అక్టోబరు 7వ తేదీ సాయంకాలమున మత్సియెవిచ్ తన ఫార్మన్ విమానమున కొన్నివందల మీటర్ల ఎత్తునకు ఎగిరెను. హఠాత్తుగా విమానము ఆకాశముననే విఱిగెను. వైమానికుడు యంత్రమునుండి విడివడి, ప్రజలందఱును చూచుచుండగా నేలపై బడి మరణించెను. రష్యాదేశమున విమానప్రమాదమునకు బలియైన మొదటివాడు అతడే.

వేలమంది ఆ దృశ్యమును చూచిరి; కన్నీరు విడిచిరి; ఇండ్లకు పోయిరి. కొతెల్నికోవ్ మాత్రము ఆ దృశ్యమును మరువజాలకపోయెను. మత్సియెవిచ్ విమానమునుండి విడివడిన తరువాత నేలను తాకువరకు కొన్ని క్షణములు గడచినవి. ఆ క్షణములలో అతనికి తోడ్పడు సాధనమేదియు లేకపోయినది. ఆ లోటును తీర్చవలెనని నటుడు నిశ్చయించుకొనెను.

పారాషూటు అనునది అప్పటికి క్రొత్త వస్తువు కాదు. 1797వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీననే ఫ్రాన్సుదేశస్థుడగు ఆంద్రె జాక్ గార్నెరిన్ పారిస్ నగరమున బెలూనుతో పైకెగసి, పారాషూటు సహాయమున క్షేమముగా దిగెను. కాని ఆ పారాషూటులు బెలూనులకు తగినవేగాని విమానములకు తగినవి కావు. అవి పెద్ద గొడుగులవలె బెలూను క్రింద వ్రేలాడుచుండెడివి. బెలూను మెల్లగా కదలును; దిగువానికి సిద్ధపడుటకు కావలసినంత కాలము దొరకును. విమానమున అట్లు కాదు. తీగెలనడుమ ఇరుకున కూర్చున్న వైమానికునకు ఆపద రెప్పపాటున ముంచుకొనివచ్చును. పారాషూటును వెదకి, తీసి, తగిలించుకొనుటకు అతనికి వ్యవధి ఎక్కడిది? విమానపు తోకకో, ప్రక్కనో కట్టిన పారాషూటు విఱిగిన తీగెలలో చిక్కుకొనినచో అది ఉండియు లేనిదే యగును.

కావున కొతెల్నికోవ్ తన సాధనమునకు కొన్ని నియమములను ఏర్పఱచుకొనెను. మొదటిది, పారాషూటు విమానమునందు గాక వైమానికుని దేహముననే సర్వదా ఉండవలెను. రెండవది, అది అతని పనికి అడ్డుగాక తేలికగాను, చిన్నదిగాను ఉండవలెను. మూడవది, ఒక్క లాగుతో అది తప్పక విచ్చుకొనవలెను. ఈ నియమములు వినుటకు సులభములు, సాధించుటకు కష్టములు.

ముందుగా అతడు పారాషూటును శిరస్త్రాణమున అమర్చి చూచెను. చిన్న బొమ్మలతో చేసిన ప్రయోగములు చక్కగా సాగెను. కాని మనుష్యుని బరువును మోయుటకు కావలసినంత పెద్ద గుడ్డ శిరస్త్రాణమున ఇముడదని లెక్కవేయగా తేలెను. అందుచే తలను విడిచి వీపును ఆశ్రయించెను. సైనికులు వీపున మోయు సంచివంటి పెట్టెయొకటి అల్యూమినియముతో చేయించెను. ఆ పెట్టె అడుగున స్ప్రింగులను ఉంచి, వానిపై మడచిన పట్టుగుడ్డను అమర్చెను. వైమానికుడు త్రాడు లాగిన తోడనే మూత తెఱచుకొనును. స్ప్రింగులు గుడ్డను వెలుపలికి చిమ్మును. గాలి దానిని నింపును. ఆ పట్టుగొడుగున 24 భాగములు ఉండెను. దాని వైశాల్యము సుమారు 50 చదరపు మీటర్లు. అంచున సన్నని ఉక్కుతీగెను కూర్చుటచే అది త్వరగా విచ్చుకొనుటకు వీలు కలిగెను.

ఇంకొక ముఖ్యమైన మార్పును కూడ అతడు చేసెను. పూర్వపు పారాషూటులలో మనుష్యుడు ఒక్క త్రాటినుండి వ్రేలాడి గిరగిర తిరుగుచుండెను. కొతెల్నికోవ్ త్రాళ్ళను రెండు భాగములు చేసి, వైమానికుని రెండు భుజములయొద్ద పట్టీలకు కలిపెను. అందుచే అతడు తిరుగుట మాని నిలుకడగా దిగును. త్రాళ్ళను పట్టి లాగి, చెట్టు, నీరు మొదలగువానినుండి కొంత తప్పుకొనుటకును అవకాశము కలుగును. మత్సియెవిచ్ మరణించిన పది నెలలకే ఈ సాధనము సిద్ధమయ్యెను. దానికి ఆర్కే-1 అని పేరు పెట్టిరి. రష్యనుల పారాషూటు, కొతెల్నికోవ్ నిర్మించినది, మొదటి నమూనా అని దాని భావము.

1911లో అతడు తన ప్రణాళికను యుద్ధమంత్రాంగమునకు సమర్పించెను. అధికారులు దానిని ఆదరింపలేదు. గొడుగు విచ్చుకొన్నప్పటి కుదుపునకు మనుష్యుని దేహము తాళజాలదని కొందఱు శంకించిరి. ఒక నటుడు చేసిన యంత్రమును నమ్ముట ఎట్లు అను సంశయమును ఉండియుండవచ్చును. స్వదేశమున ఆదరణ లభింపకపోవుటచే కొతెల్నికోవ్ 1912 మార్చిలో ఫ్రాన్సుదేశమున తన సాధనమునకు పేటెంటు పొందెను.

ఆ సంవత్సరముననే పారిస్ నగరమున ఒక దుర్ఘటన జరిగెను. ఫ్రాంజ్ రైఖెల్ట్ అను దర్జీ, వైమానికులు ధరింపదగిన పారాషూటు దుస్తునొకదానిని కుట్టెను. దానిని బొమ్మతో పరీక్షించెదనని అనుమతి పొంది, ఫిబ్రవరి 4వ తేదీన తానే దానిని ధరించి ఐఫిల్ గోపురమునుండి దుమికెను. ఆ దుస్తు విచ్చుకొనలేదు, అతడు మరణించెను. రైఖెల్ట్ సదుద్దేశము కలవాడే. ధైర్యమునకును లోటు లేదు. కాని పరీక్షకు నిలువని సాధనమును నమ్మి ప్రాణము నొడ్డుట అతనికి ముప్పు తెచ్చెను.

కొతెల్నికోవ్ మార్గము వేఱు. 1912 జూను నెలలో అతడు మొదట ఒక మోటారు కారునకు పారాషూటును కట్టించెను. కారు గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా త్రాడును లాగిరి. పారాషూటు విచ్చుకొని కారును నిలిపివేసెను. ఇంజను సైతము ఆగిపోయెను. పిమ్మట గాచినా సమీపమున సాలుజి అను గ్రామముకడ, మనుష్యుని బరువుగల బొమ్మను బెలూనునుండి జారవిడిచిరి. బొమ్మ ఊగక, తిరుగక, మెల్లగా నేలకు దిగెను. మఱికొన్నినాళ్ళకు విమానమునుండియు బొమ్మను విడిచి పరీక్షించిరి. ఇట్లు ఒక్కొక్క మెట్టే ఎక్కిన పిదపనే మనుష్యుని వంతు వచ్చెను. 1913 జనవరిలో వ్లదీమిర్ ఒస్సోవ్స్కీ అను సంగీతవిద్యార్థి ఫ్రాన్సునందలి రువాన్ నగరమున, సేన్ నదిపై గల ఎత్తైన వంతెననుండి ఈ పారాషూటుతో దుమికి క్షేమముగా దిగెను.

ఇంతటి విజయము కలిగినను రష్యా సైన్యాధికారుల మనస్సు మాఱలేదు. వైమానిక దళమునకు పెద్దయగు రాజబంధువు ఒకడు పారాషూటు కీడు కలిగించునని అభిప్రాయపడెనని చెప్పుదురు. అది చెంతనున్నచో, ఏ చిన్న ఆపద తోచినను వైమానికుడు విలువైన విమానమును విడిచి దుముకునని అతని భయము. ఇట్టి భావము రష్యాలోనే గాక ఇతర దేశములందును ఉండెను. 1914లో మొదటి ప్రపంచ సంగ్రామము ప్రారంభమైనపుడు బెలూనులనుండి శత్రువులను కనిపెట్టువారికి పారాషూటులనిచ్చిరిగాని, బ్రిటిషు విమానములను నడుపు యువకులకు యుద్ధము ముగియువరకు ఇయ్యలేదు. జర్మనులు 1918లో తమ వైమానికులకు వానిని ఇయ్యసాగిరి. విమానమునకు వెలగట్టినవారు, దానిని నడుపుటకు నేర్చిన మనుష్యునకు వెలగట్టుట మఱచిరి. యంత్రము పోయినచో మఱియొకటి చేయవచ్చును. అనుభవముగల వైమానికుడు పోయినచో అతనిని తిరిగి తెచ్చుట ఎవరి తరము?

యుద్ధకాలమున కొతెల్నికోవును సైన్యమున చేర్చుకొని మోటారు దళమునకు పంపిరి. ఇల్యా మూరొమెత్స్ అను పెద్ద విమానముల సిబ్బంది కొఱకు అతని పారాషూటులను కొన్నింటిని తయారుచేయించిరి. కాని వాని వాడుక మిక్కిలి స్వల్పము. అతడు నిరాశ చెందలేదు. యుద్ధమును, విప్లవమును గడచిన పిదప మరల పనికి పూనుకొనెను. లోహపు పెట్టె బరువు. కూర్చున్నవాని వీపును నొప్పించును. కావున 1923లో కొంత మెత్తనైన సంచితో ఆర్కే-2ను, పిమ్మట పూర్తిగా గుడ్డసంచితో ఆర్కే-3ను నిర్మించెను. స్ప్రింగులకు బదులు, త్రాళ్ళు చిక్కుపడకుండ సంచి అడుగున చిన్న అఱలను కుట్టించెను. 1924లో బరువులను దింపుటకు పెద్ద పారాషూటునొకదానిని చేసెను. 1926లో తన నిర్మాణములన్నింటిని ప్రభుత్వమునకు అప్పగించెను.

ఈలోగా ఇతరులును ఈ మార్గమున కృషి చేసిరి. అమెరికాలో 1919 ఏప్రిల్ 28వ తేదీన లెస్లీ ఇర్విన్ విమానమునుండి దుమికి, గాలిలో పడుచుండగా స్వయముగా త్రాడు లాగి పారాషూటును తెఱచెను. దిగునపుడు అతని చీలమండ విఱిగెను గాని, పడుచున్న మనుష్యుడు స్పృహ కోల్పోవునను పూర్వపు భయము తీరెను. 1922లో అమెరికా వైమానికుడు హెరాల్డ్ హారిస్, ముక్కలగుచున్న విమానమును విడిచి దుమికి ప్రాణము దక్కించుకొనెను. 1927 జూనులో సోవియట్ వైమానికుడు మిఖయిల్ గ్రోమొవ్, అదుపు తప్పి గిరగిర తిరుగుచున్న విమానమునుండి దుమికి బ్రదికెను. అతని వీపున నుండినది ఇర్విన్ పారాషూటు. కొతెల్నికోవ్ పదునాఱు సంవత్సరములకు పూర్వము చూపిన మార్గము సరియైనదేయని అతని దేశమందలి ప్రజలు ఈ విధముగా ప్రత్యక్షముగ గ్రహించిరి.

రెండవ ప్రపంచ సంగ్రామమున జర్మను సేనలు లెనిన్‌గ్రాడ్ నగరమును ముట్టడించినపుడు వృద్ధుడగు కొతెల్నికోవ్ ఆ నగరముననే ఉండెను. అప్పటికి అతని కంటిచూపు చాలవఱకు తగ్గిపోయెను. ఆకలియు, చలియు పీడించుచుండగా, 1941 డిసెంబరులో అతనిని మాస్కో నగరమునకు తరలించిరి. అచ్చటనే 1944వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అతడు మరణించెను. 1949లో సాలుజి గ్రామమునకు కొతెల్నికోవో అని పేరు మార్చిరి. బొమ్మ మెల్లగా నేలకు దిగిన ఆ గ్రామము ఇట్లు అతని పేరును ధరించినది.

కొతెల్నికోవ్ ఏర్పఱచుకొనిన నియమముల విలువ నేడు గ్లైడరు నడుపువారికి బాగుగ తెలియును. గ్లైడరునకు ఇంజను లేదు. దానిని విమానముతో గాని, త్రాటియంత్రముతో గాని పైకి లాగి విడుతురు. పిదప అది వేడిగాలి పైకి లేచుచోట్లను వెదకికొని, గ్రద్దవలె వలయములుగా తిరుగుచు ఎత్తునకు పోవును. అట్టిచోట ఒకే గాలిస్తంభమున పెక్కు గ్లైడరులు తిరుగును. ఒకటి మఱియొకదానిని తాకినచో పొడవైన ఱెక్కలు విఱుగును. అప్పుడు వైమానికుడు పై మూతను త్రోసివేసి, నడుముపట్టీలను విప్పి, వెలుపలికి దుమికి, పారాషూటును తెఱువవలెను. ఇదియంతయు క్షణములలో జరుగవలెను. కావుననే పెక్కుమంది గ్లైడరు వైమానికులు పారాషూటును ధరించియే ఎగురుదురు.

దానిని ఎన్నుకొనునపుడు కొన్ని విషయములను జాగ్రత్తగా గమనింపవలెను. గొడుగు వైమానికుని బరువునకు తగినంత పెద్దది కావలెను. చిన్నదైనచో అతడు వేగముగా దిగి గాయపడును. ఇరుకైన ఆసనమున వెనుకకు వాలి కూర్చుండుటకు వీలగునట్లు అది పలుచగా ఉండవలెను. నొప్పించు పారాషూటును మనుష్యుడు ఏదో ఒకనాడు ఇంట విడిచిపోవును. ఇంటనున్న పారాషూటు ఎవరిని రక్షింపగలదు? తొడలపట్టీలును, ఱొమ్ముపట్టీయు దేహమునకు సరిగా అమరవలెను. ఆపత్సమయమున దిగుటకు, ప్రత్యేక శిక్షణ అంతగా అవసరము లేని గుండ్రని గొడుగు తగినదని సాధారణముగా ఎంచుదురు.

త్రాడును చేతితో లాగునవి కొన్ని, గ్లైడరునకు కట్టిన త్రాటిచే తమంతట తామే తెఱచుకొనునవి కొన్ని కలవు. తక్కువ ఎత్తున దుముకవలసి వచ్చినను, వైమానికుడు దెబ్బతగిలి మైకమున నున్నను రెండవ రకము మేలు చేయును. కాని నేలపై దిగిన పిదప ఆ త్రాటిని విప్పుట మఱచి నడచినచో అది ఊరక తెఱచుకొనును. మొదటి రకమునకు అట్టి బాధ లేదు. అయితే దానిని ధరించినవాడు పిడి యెచ్చటనున్నదో చేతితో తడవి, పలుమాఱు అభ్యాసము చేసియుండవలెను. ఏ రకమైనను నియమితకాలమున నిపుణుడు దానిని విప్పి, చూచి, మరల మడవవలెను. అమెరికాలో కృత్రిమ నూలుతో చేసిన పారాషూటును 180 దినములకొకసారి మడచుట నియమము. ఎండయు, తేమయు గుడ్డకు శత్రువులు. కావున పారాషూటును తలగడవలె వాడుట, ఎండలో పడవేయుట తగదు.

పారాషూటు ధరించుట పిఱికితనమని తలంచినవారి మాట కాలము తప్పని నిరూపించినది. ఆపద వచ్చినపుడు బ్రదుకుటకు మార్గము కలదని తెలిసినవాడు తన పనిని మఱింత నిబ్బరముతో చేయగలడు. అతడు నేర్చిన విద్యయు, పొందిన అనుభవమును వృథాగాక తరువాతివారికి అందును. కొతెల్నికోవ్ యుద్ధములను గెలువలేదు, ధనమును కూడబెట్టలేదు. ఇతరులు దుఃఖించి విడిచిన చోట అతడు నిలిచి, ఆ మరణమునకు కారణమైన లోటేమని విచారించెను. దానిని తీర్చుటకు ఓర్పుతో పనిచేసి, తన పనిని తానే పలుమాఱు పరీక్షించుకొనెను. నేడు ఆకాశమున ఆపదపాలై, వీపునుండి విచ్చుకొన్న గొడుగు నీడన నేలకు దిగు వైమానికుడు అతని పేరును ఎఱుగకపోవచ్చును. అయినను ఆ నటుని పరిశ్రమ ఫలము అతనికి తోడుగ నున్నది.